పిల్లవానికి లెక్క చెప్పుట

దీపము ముందర కూర్చుండి, భిన్నముల లెక్క తెమలక పలకవంక చూచుచున్న పిల్లవాడును, వానికి సాయము చేయవచ్చిన పెద్దవాడును ప్రతి కాలమునందును ఉన్నారు. రాజుల యుద్ధములను వ్రాసిన చరిత్ర ఈ ఇరువురిని అంతగా పట్టించుకొనలేదు. కాని ఒక జాతి తన పిల్లలకు లెక్క నెట్లు చెప్పినదో తెలిసినచో, అది ఎవరిని తమ కాళ్లపై నిలువనిచ్చినదో, ఎవరిని పరుల చిట్టాకు లోబఱచినదో కూడ కొంత తెలియును.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలలో ఎన్ని బడులున్నవో, వానిలో ఏమి చెప్పుచున్నారో తెలుపవలసినదిగా కలెక్టర్లను కోరెను. వచ్చిన సమాధానములలో మిక్కిలి విపులమైన వానిలో ఒకటి బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపినది. నేటి అనంతపురము ప్రాంతము కూడ అప్పుడు ఆ జిల్లాలోనిదే. అచట 533 బడులలో 6,641 మంది చదువుచుండిరి. ఆ బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి.

క్యాంబెల్ వర్ణించిన వీధిబడిలో పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. ముందు నేర్చినవాడు వెనుక వచ్చినవానికి చెప్పును. లెక్కలలో పంతుళ్లు మిక్కిలి శ్రమపడి నేర్పునవి భిన్నములు. ఆ భిన్నములు పదింటి చొప్పున గాక నాలుగింటి చొప్పున దిగుచుండును. దినమునకు రెండుమార్లు పిల్లలందఱును వరుసగా నిలువబడి, ఒక పెద్ద విద్యార్థి చెప్పుచుండగా ఎక్కములను, భిన్నములను, కొలతలను, తూనికలను వల్లించుదురు. అచ్చుపుస్తకము లేని బడిలో పిల్లవాని నోరే పుస్తకము.

నాలుగింటి చొప్పున దిగుటకు కారణము అంగడిలో నుండెను. ఒకటిలో నాలుగవ వంతు పావు. పావులో నాలుగవ వంతు వీసము. వీసములో నాలుగవ వంతు కాని. రూపాయికి పావు పావలా, వీసము అణా, అఱువదినాల్గవ వంతు పైసా. భిన్నమును నేర్చినవాడు నాణెమును నేర్చినవాడే. పుట్టి ధాన్యము ఐదు రూపాయలైనచో వీసము పుట్టికి ఐదు అణాలు; ముప్పాతిక పుట్టికి మూడు రూపాయల పన్నెండణాలు. దీనికి కాగితము అక్కఱలేదు. ఉత్తరదేశమున పిల్లలు ఇట్లే పౌనా, సవైయా, డేఢా, అఢైయా అను ఎక్కములను, అనగా ముప్పాతిక, ఒకటింబాతిక, ఒకటిన్నర, రెండున్నరల ఎక్కములను కంఠస్థము చేసెడివారు. సంతలో బేరమాడు రైతునకును, వడ్డీ లెక్క వినుచున్న ఋణస్థునకును ఈ ఎక్కములు కవచము వంటివి. అవి రానివాడు షాహుకారు చెప్పిన మొత్తమునకు తల యూపి వ్రేలిముద్ర వేయవలసినదే.

అయినను వల్లించుట సాయములో సగమే. అదే క్యాంబెల్ ఈ బడులలో ఒక లోపమునుగూడ చూపెను: పిల్లలు పద్యములను వాని అర్థ మెఱుగకయే అప్పగించుచుండిరి. నోటికి వచ్చినది బుద్ధికి రావలెనన్నచో దానిని కంటికి చూపవలెను. ఈ రెండవ సగము మన గణితగ్రంథములలో ఏనాటినుండియో కలదు. యజ్ఞవేదికలను కొలుచుటకు పుట్టిన శాస్త్రమునకు త్రాటి పేరనే శుల్బమని పేరు వచ్చినది. అచట రేఖాగణితము త్రాడు లాగి చూపిన విద్య.

1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతి ఈ మార్గమునకు గొప్ప నిదర్శనము. అందు సూత్రము వెంటనే ఉదాహరణము వచ్చును. ముప్పదిరెండు మూరల వెదురొకటి గాలికి విఱుగగా, దాని కొన మొదటికి పదునాఱు మూరల దూరమున నేలను తాకినది. అది ఎంత ఎత్తున విఱిగినది? పండ్రెండు మూరల ఎత్తున. విఱిగిన వెదురును చూచిన పిల్లవానికి కర్ణము వేఱొకచోట వెదకవలసిన పనిలేదు. తేనెటీగల గుంపులో ఐదవ వంతు కడిమిపూవునకును, మూడవ వంతు శిలీంధ్రపుష్పమునకును, ఆ రెంటి భేదమునకు మూడింతలు కొడిసెపూవునకును పోగా, ఒక్కటి మాత్రము గాలిలో తిరుగుచున్నది, గుంపులో ఎన్ని? పదునైదు. భిన్నము ఇచట పూవులపై వ్రాలినది.

ఆ గ్రంథమున ప్రశ్నలు అనేకము ఒక బాలికను సంబోధించినవి. ఆమె భాస్కరుని కూతురనియు, ఆమె వివాహము తప్పిపోయినదనియు చెప్పు కథ 1587 నాటి ఫైజీ పారసీక అనువాదపు పీఠికలోనిది, మూలములో లేదు. కథ ఎట్లున్నను సంబోధన నిజము. జవాబు చెప్పగలదను నమ్మకముతో ఒక ఆచార్యుడు బాలికను లెక్క అడిగెను. ఆ తరువాత 673 సంవత్సరములకు బళ్లారి బడులలోని 6,641 మందిలో హిందూ బాలికలు అఱువదిమందిగా లెక్కకు వచ్చిరి. గ్రంథము తెఱచిన తలుపును సమాజము మూసియుంచినది.

మఱియొక తలుపు భాషది. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో ఇది యొకటి. అనువాదమనగా కావ్యములకు మాత్రమే చెల్లినది కాదు. సంస్కృతము రాని కరణమునకును, వర్తకునకును లెక్కను అందించుటకూడ అనువాదకుని పనియే.

వీధిబడి క్షీణించుటకు కారణము దాని లోపము మాత్రమే కాదు. ఐరోపా నూలుబట్టల రాకతో నేతపనివారు దెబ్బతినిరనియు, జనుల పేదఱికము పెరిగినదనియు, అనేకులు బడి ఖర్చును భరింపలేకున్నారనియు క్యాంబెల్ స్పష్టముగా వ్రాసెను. కూలికి పోయిన పిల్లవానికి ఇసుకపలక దూరమైనది. లెక్క ఎవరికి మిక్కిలి అవసరమో వారికే అది ముందుగా అందకపోయినది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూఱు నయాపైసలు వచ్చెను. అణా ఆఱుంబాతిక నయాపైసలైనది. తరువాత కిలోగ్రాము, మీటరు వచ్చెను. లెక్క సులభమైనదనుటలో సందేహము లేదు. దేశమంతటికి ఒకే కొలత ఏర్పడుట చిన్న మేలు కాదు. కాని ఆ దినముతో భిన్నము అంగడిని విడిచి పుస్తకములోనికి పోయినది. పూర్వము పిల్లవాడు వీసమును చేత పట్టుకొని అంగడికి పోయెడివాడు. నేడు వీసమెత్తు నిజము లేదని పలుకువానికి వీసమనగా పదునాఱవ వంతని తెలియకపోవచ్చును.

కావున ఇంటిలెక్కకు సాయము చేయు పెద్దవాడు జవాబు చెప్పి లేచిపోరాదు. వీధిబడివలె కొంత నోటికి పట్టింపవలెను. భాస్కరునివలె కొంత కంటికి చూపవలెను. మల్లనవలె పిల్లవాని భాషలో చెప్పవలెను. ఒక కాగితమును సగమునకు మడచి, మరల సగమునకు, ఇట్లు నాలుగు మార్లు మడచి విప్పుమన్నచో పదునాఱు గడులు కనబడును. అందొకటి వీసము, నాలుగు గడులు పావు, పండ్రెండు ముప్పాతిక. ఆ గడులను లెక్కించు వ్రేలు బాలుని దైనను బాలిక దైనను, లెక్క ఒక్కటియే.