కంటికి కనబడని చెరువు

నీటి వంతుల సంగతి మా అనంతపురం సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ మెట్టసీమలో చెరువు కింద ఎవరి మడికి ఎంతసేపు పారాలో నీరుగంటి చూసేవాడు. ఈ టపాలో చెప్పబోయేది మరొక చెరువు కథ. దానిని స్పెక్ట్రమ్ అంటున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి గనుక నేను తరంగసంపద అంటాను. సెల్‌ఫోను మాటను మోసే ఈ సంపద కూడా పరిమితమే.

2010లో కేంద్రప్రభుత్వం 3జీ తరంగాలను వేలం వేసింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఒక్కొక్క వాటా సుమారు 1,373 కోట్ల రూపాయలు పలికింది. ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్ కొనుక్కున్నాయి. వొడాఫోన్‌కు ఇక్కడ దక్కలేదు. ప్రైవేటు కంపెనీలలో దేశమంతటా దక్కించుకున్నది ఒక్కటీ లేదు. అందుచేత 2011లో ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా ఒడంబడిక చేసుకున్నాయి: తమకు తరంగాలు లేనిచోట ఎదుటివారి 3జీ వాడుకోవడం. బిల్లు తన కంపెనీది, మోసేది పోటీదారుని టవరు.

వేలంలో కొననివాడు ఆ సేవను ఎట్లా అమ్ముతాడని ప్రభుత్వం ఆక్షేపించింది. 2011 డిసెంబరులో ఆపమన్నది, తరువాత జరిమానాలు విధించింది. 2014 ఏప్రిల్ 29న టెలికం వివాదాల ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వులను కొట్టివేసింది.

అది పొరుగువాని బావిలో తోడుకోవడం. రెండు బావుల నీటిని ఒకే కాలువలో కలిపినట్లు తరంగాలనే కలుపుకోవడం వేరు. దానికి 2015 సెప్టెంబరులో నియమావళి వచ్చింది. ఇద్దరికీ ఒకే బ్యాండులో తరంగాలుండాలి. ఆదాయంపై కట్టే రుసుము 0.5 శాతం పెరుగుతుంది. ఆ అదనపు రుసుమును 2021 సంస్కరణలలో ఎత్తివేశారు.

ప్రభుత్వ వాదం నిస్సారమని నేననను. ఖజానాకు రావలసినది రావాలి. కాని నీటికీ తరంగానికీ ఒక భేదమున్నది. నేడు వాడని నీరు రేపటికి కొంతైనా నిలుస్తుంది. వాడని తరంగం ఆ క్షణానికే వ్యర్థం. కనుక పంచుకోవడమే న్యాయమని నా భావన. అయితే పంచుకున్నవారు ఏకమైపోతే పోటీ ఏమవుతుంది? వొడాఫోన్, ఐడియా 2018లో విలీనమయ్యాయి. ఎయిర్‌సెల్ ఆ ఏడే దివాలా ప్రక్రియలోకి పోయింది.

2025 జనవరిలో ప్రభుత్వమే, తన నిధితో నిలిపిన గ్రామీణ టవర్లపై బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదారులు ఎవరైనా 4జీ అందుకునే ఏర్పాటు ప్రారంభించింది. ఒకనాడు తప్పన్న పద్ధతికి దగ్గరిదే నేడు విధానమైంది. వేరుసెనగ ధర కనుక్కోగోరే తండా రైతుకు టవరు ఎవరిదైతేనేమి? ఆయనకు కావలసినది సిగ్నలు. ఆ పైన, వంతు తప్పకుండా చూసే నీరుగంటి.