జిల్లా, మండలం, గ్రామం: వెబ్ పేజీలో చెట్టు ఎదిగిన తీరు

1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి వెబ్ టెంప్లేట్‌కు తెలిసిన విద్య దాదాపు ఒక్కటే: వరుసలు ఉన్నంతవరకు లూప్ తిప్పి పట్టిక గీయడం. కానీ మన పాలన పట్టికలో ఒదిగేది కాదు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాక కూడా అది చెట్టే. రాష్ట్రం కింద జిల్లా, జిల్లా కింద మండలం, మండలం కింద ఊరు.

తొలినాళ్ల ఏఎస్పీ, జేఎస్పీ పేజీల్లో స్థాయికొక లూప్ చొప్పున ఒకదానిలో ఒకటి ఇరికించేవారు. జిల్లాకు, మండలానికి మధ్య రెవెన్యూ డివిజన్ చేర్చమంటే కోడంతా విప్పాల్సిందే. ఒరాకిల్‌లో ‘కనెక్ట్ బై’ తెలిసినవారు చెట్టంతా ఒకే క్వెరీతో తెచ్చేవారు. తెలియనివారి పేజీ కొమ్మకొక క్వెరీ పంపి కుంటేది.

నా దృష్టిలో అసలు మలుపు, ఎక్స్‌ఎంఎల్ డేటాను పేజీగా మార్చే 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. చెట్టులోని ఒక నోడ్‌ను, అంటే ఒక జిల్లానో ఊరినో చూపించే టెంప్లేట్, దాని పిల్లలను చూపించడానికి మళ్లీ తననే పిలుచుకోగలిగింది. లోతు ఎంతో ముందే తెలియాల్సిన అవసరం పోయింది. 2005లో ఏఎస్పీ డాట్ నెట్ 2.0తో వచ్చిన ట్రీవ్యూ పని సులువు చేసింది కానీ, పెద్ద చెట్టయితే పేజీ వెంట మోసుకెళ్లే వ్యూస్టేట్ బరువుకు పేజీ కదిలేది కాదు. నొక్కిన కొమ్మనే సర్వర్ నుంచి తెచ్చే అజాక్స్ పద్ధతి ఆ బరువు దించింది. 2013లో వచ్చిన రియాక్ట్‌లోనూ కాంపొనెంట్ తననే పిలుచుకుంటుంది. ఊహ పాతదే.

ఆ ఊహ విలువ తెలంగాణ పటం మారినప్పుడు బాగా తెలుస్తుంది. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33. జిల్లాల పేర్లను టెంప్లేట్‌లోనే రాసిపెడితే ప్రతిసారీ తిరగరాయాలి. ప్రతి నోడ్‌కు పై నోడ్ ఏదో చెప్పే పేరెంట్ ఐడీ మీద నడిచే పేజీకి డేటా మారిస్తే చాలు.

వరంగల్ సంగతి ఇంకా లోతైనది. 2016లో పాత జిల్లా చీలి అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయింది. 2021లో అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. అంటే 2015 నాటి వరంగల్, నేటి వరంగల్ ఒకే నోడ్ కావు. పేరునే కీగా వాడితే రెండూ కలిసిపోతాయి. ప్రతి పేరెంట్ ఐడీ పక్కన ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అనే తేదీలుండాలి, టెంప్లేట్‌కు పత్రం తేదీ కూడా అందాలి. జనగామ దగ్గరి ఊరి 2015 దస్తావేజు తెరిస్తే, ఆ ఊరు వరంగల్ జిల్లా కిందే కనిపించాలి.