మరోదాలో మైత్రి

భిలాయి ఉక్కు కర్మాగారంలోకి అడుగు పెట్టాలంటే పాస్ కావాలి. అందుకే విజయనగరం వైపు నుంచి చుట్టాలొస్తే, ఆదివారం పిల్లాజెల్లాతో అందరూ బయల్దేరేది మరోదా దగ్గరి మైత్రీ బాగ్ తోటకే.

మరోదా ఒకప్పుడు చెరువు పక్కన ఉన్న మామూలు ఛత్తీస్‌గఢీ పల్లె. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలు చేశాక ఈ ప్రాంతం రాత మారిపోయింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఇనుప రాయి రాజ్‌హరా కొండల నుంచి వచ్చింది, నీళ్లు తాండులా జలాశయం నుంచి, ఇంజినీర్లు రష్యా నుంచి. కూలీలు దేశం నలుమూలల నుంచీ వచ్చారు. 1931లోనే పూర్తయిన విజయనగరం-రాయ్‌పూర్ రైలు దారి ఉత్తరాంధ్ర వాళ్లకు బాగా కలిసొచ్చింది. భిలాయి టౌన్‌షిప్ సెక్టర్ 5లోని బాలాజీ గుడి ఆ వలస గుర్తే. ఇక్కడి తెలుగువాళ్లను ‘మీదే ఊరు?’ అంటే చాలామంది ముందు సెక్టర్ నంబరే చెబుతారు. అంకెల మధ్య మరోదా తన పాత పేరుతోనే మిగలడం విశేషమే.

మైత్రీ బాగ్ 1972 నాటిది. అంతకు ముందటేడు ఆగస్టు 9న ఢిల్లీ, మాస్కోల మధ్య స్నేహ ఒడంబడిక కుదిరింది. రష్యన్లు స్నేహాన్ని ‘ద్రుజ్బా’ అంటారు. తోటకు ఆ పేరు పెట్టి ఉంటే పిల్లల నోరు తిరిగేది కాదేమో! జూ, కొలను, పిల్లల రైలు, ఏటా పూల ప్రదర్శన... పులుల మేత నుంచి పూలకుండీల దాకా అన్నీ చూసుకున్నది ఉక్కు కర్మాగారమే.

1991లో ఆ మిత్రదేశమే పటం మీంచి చెరిగిపోయింది. తోట పేరు మాత్రం మారలేదు, మారింది దాని ఆకర్షణ. ఒడిశాలోని నందన్‌కానన్ నుంచి తెల్లపులులు వచ్చాయి, ఇక్కడే పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడు టికెట్ కొన్నవాళ్లు మొదట పరుగెత్తేది ఆ బోను దగ్గరికే.

బోనుల్లో పెరిగే తెల్లపులుల్లో చాలావాటికి మూలపురుషుడైన మోహన్‌ను కూనగా 1951లో పట్టుకున్నది నేటి మధ్యప్రదేశ్‌లోని రేవా అడవుల్లో. ఆ రేవాకు దగ్గర్లోనే 2016లో ముకుంద్‌పూర్ తెల్లపులుల సఫారీ తెరిచినప్పుడు, అక్కడికి వెళ్లిన పులుల్లో మైత్రీ బాగ్‌వి కూడా ఉన్నాయి.