దేవుడు కాబోయిన ఉద్యోగి: రెసిడెంట్ ఈవిల్ పరంపరలో ఆల్బర్ట్ వెస్కర్

ఆల్బర్ట్ వెస్కర్ గురించి రాసినవారిలో చాలామంది అతడి కథను చివరి నుంచి మొదటికి చదివారు. 2009లో వచ్చిన వీడియో ఆట రెసిడెంట్ ఈవిల్ 5లో వెస్కర్ యురోబొరోస్ వైరస్‌తో మానవజాతిని వడపోసి, మిగిలిన లోకానికి తానే అధిపతి కావాలనుకుంటాడు, చివరికి అగ్నిపర్వతపు లావాలో కూరుకుపోతాడు. ఆ వెస్కర్‌ను తీసుకొచ్చి 1996 నాటి తొలి ఆటలోని వెస్కర్ మీద ఆరోపించారు. ఈ పఠనాన్ని దైవకాంక్షావాదం అందాం. దీని ప్రకారం అతడు గర్వం తలకెక్కిన శాస్త్రవేత్త. పదమూడేళ్ల పరంపర ఆ గర్వం మెల్లగా బయటపడిన కథ. అతడి చావు దానికి తగిన శాస్తి. వినసొంపైన వాదమే, కానీ ఆటల్లోని ఆధారాల ముందు నిలవదు. వెస్కర్ భయపెట్టినన్నాళ్లూ ఒక ఉద్యోగిగానే భయపెట్టాడు. పైవాడి ఉత్తర్వు అందుకుని, కిందివాళ్లను లెక్కగట్టి, ఫలితాన్ని నమోదు చేసే అధికారి అతడు. దేవుడు కావాలన్న కోరిక ఆ పాత్రకు మూలం కాదు, ముగింపులో అతికించిన ముక్క. ఆ ముక్క అతుక్కున్న చోటే పాత్ర చచ్చిపోయింది.

తొలి ఆటలో మన చేతికి దొరికే, వెస్కర్‌కు అతడి యజమాని అంబ్రెల్లా కంపెనీ పంపిన రహస్య ఉత్తర్వును విమర్శకులు కథను ముందుకు నెట్టే చీటీగా చూసి వదిలేశారు. వెస్కర్ స్వభావానికి అంతకు మించిన ఆధారం లేదు. అందులో పనులు అంకెలు వేసి మరీ ఉంటాయి. వెస్కర్ కెప్టెన్‌గా ఉన్న పోలీసు ప్రత్యేక దళం స్టార్స్ సభ్యులను ప్రయోగశాలకు రప్పించి, జీవాయుధాలతో తలపడేలా చేసి, అసలైన పోరాటంలో అవి ఎలా పనిచేస్తాయో సమాచారం రాబట్టాలి. టైరంట్‌ను మినహాయించి ఒక్కో రకం జీవాయుధానికి రెండేసి పిండాలు సేకరించాలి. పరిశోధకులతో సహా ఆర్క్‌లే ప్రయోగశాలను ప్రమాదంలా కనిపించేటట్టు నాశనం చేయాలి. అన్నిటికీ వారం గడువు. ఈ కాగితంలో పగ లేదు, ప్రవచనం లేదు, కొత్త లోకపు కల లేదు. చేయాల్సిన పని, కావలసిన సరుకు, దాటకూడని గడువు మాత్రమే ఉన్నాయి. వెస్కర్ ఆ రాత్రంతా చేసింది కూడా ఈ జాబితాను పూర్తి చేయడమే. తన దళంలోని బారీ బర్టన్‌ను భార్యాబిడ్డల పేరు చెప్పి బెదిరించి లొంగదీసుకుంటాడు. బ్రావో జట్టు నాయకుడు ఎన్రికో మారిని గాయాలతో పడి ఉండి ద్రోహి ఎవరో చెప్పబోయేసరికి చీకట్లోంచి తూటా వస్తుంది. ఈ పనులేవీ ఉన్మాది చేసేవి కావు. రహస్యం బయటికి పొక్కకుండా, పని గడువులోగా ముగిసేలా చూసుకునే అధికారి చేసేవి. ప్రయోగశాల ఉన్న భవనంలో నడిచే శవాలు నడవాల్లో ఎదురైతే తుపాకీ ఎత్తుతాం. కానీ ఆ నడవాలోకి మనల్ని పంపినవాడు మన కెప్టెనే. కంచే చేను మేసిందని తెలిసేలోపు ఆటలో సగానికి పైగా అతడి మాట ప్రకారమే నడిచి ఉంటాం. భవనంలోని మిగతా భయాలన్నీ కలిసినా ఈ ఒక్క ఎరుకకు సరితూగవు.

వెస్కర్‌ను శాస్త్రవేత్త అనేవారు అతడి ఉద్యోగ చరిత్రను సరిగా చూడలేదు. క్యాప్‌కామ్ విడుదల చేసిన వెస్కర్స్ రిపోర్ట్ పత్రాల్లో అతడు స్వయంగా ఆ చరిత్ర చెబుతాడు. 1978లో తోటి పరిశోధకుడు విలియం బిర్కిన్‌తో కలిసి ఆర్క్‌లే ప్రయోగశాలలో అడుగుపెట్టినవాడు, పరిశోధనలో బిర్కిన్ స్థాయిని తాను అందుకోలేనని గ్రహించి, సమాచార విభాగానికి మారిపోతాడు. పాత్ర మొత్తానికి కీలకమైన మలుపు ఇది. పిచ్చి శాస్త్రవేత్త అన్న పేరు ఎవరికైనా తగితే, తన ఆవిష్కరణను కంపెనీకి అప్పగించలేక ఒంట్లోకి ఎక్కించుకుని రాక్షసుడైన బిర్కిన్‌కు తగుతుంది. వెస్కర్ కనిపెట్టేవాడు కాడు. ఎవరు ఏం కనిపెట్టారో, అది ఎక్కడ ఉందో, ఎవరికి కావాలో తెలిసినవాడు. 2002లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ జీరోలో ఈ తేడా కళ్లకు కడుతుంది. రైల్లోనూ శిక్షణ కేంద్రంలోనూ జరిగే ఘోరాన్ని ఇద్దరూ తెరల మీద చూస్తుంటారు. బిర్కిన్ మనసు తన పరిశోధన మీద ఉంటుంది. వెస్కర్ మాత్రం ఈ కంపెనీకి ఎప్పుడు సెలవు చెప్పాలి, పోతూ పోతూ ఏ సమాచారం పట్టుకెళ్లాలి అని లెక్క వేసుకుంటాడు. ఉద్యోగం మారబోయేవాడి ఆలోచన అది. అంబ్రెల్లా అధినేత స్పెన్సర్ ఆజ్ఞ మీద తమ గురువు జేమ్స్ మార్కస్‌ను ఈ ఇద్దరే చంపించిన సంగతి కూడా అదే ఆట చెబుతుంది. పైవాడు చెబితే గురువునైనా తప్పించడం ఆ సంస్థలో ఎదగడానికి దారి.

వెస్కర్ ఉద్యోగి అన్న వాదానికి మరో బలమైన ఆధారం ఆట నిర్మాణంలోనే ఉంది. తొలి ఆటలో కెమెరా గది మూలల్లోంచీ కప్పు కిందనుంచీ కదలకుండా చూస్తుంది. ఆటగాడు ఒక చూపులోంచి మరో చూపులోకి నడుస్తాడు. ఆ చూపు ఎవరిదో ఆట చెప్పదు. కానీ ఆ భవనంలో స్టార్స్ సభ్యుల కదలికలను గమనించాల్సిన పని ఒక్కడికే ఉంది. 1992 నాటి అలోన్ ఇన్ ది డార్క్‌లోనూ ఇలాంటి కెమెరాలే ఉన్నాయనీ, ముందే గీసిపెట్టిన నేపథ్యాలకు అది సాంకేతిక అవసరమనీ అనేవారు ఉండవచ్చు. అవసరం కొద్దీ వచ్చినది అర్థాన్ని మోయకూడదన్న నియమం ఏ కళలోనూ లేదు. ఆట ముగిశాక జరిగేది కూడా గమనించాలి. ఎంతసేపు పట్టిందో ఆట లెక్క పెడుతుంది. మూడు గంటల లోపు ముగించినవారికి తూటాలు అయిపోని రాకెట్ లాంచర్ బహుమతిగా ఇస్తుంది. టైప్‌రైటర్ దగ్గర సిరా రిబ్బన్ ఖర్చు పెట్టి ఆటను భద్రపరచుకున్న ప్రతిసారీ అది ఎన్నోసారో నమోదవుతుంది. జీవాయుధాల మధ్యకు మనుషుల్ని తోసి వారి పనితీరును కొలవమని వెస్కర్‌కు అందిన ఉత్తర్వునే ఆట మన మీద అమలు చేస్తోంది. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4లో మెర్సినరీస్ విభాగం దీనిని తలకిందులు చేసి చూపింది. అక్కడ వెస్కర్‌ను మనమే ఆడించవచ్చు. గడియారం పరుగెడుతుంటే శత్రువుల్ని కూల్చి మార్కులు కూడబెట్టుకోవాలి. ఇన్నాళ్లూ కొలిచినవాడే అక్కడ కొలతకు నిలబడ్డాడు. ఆ పాత్ర అంత సహజంగా ఆ విభాగంలో ఇమిడిపోవడానికి కారణం అదే.

ఇక పదేపదే తిరిగి రావడం సంగతి. తొలి ఆటలో ఎవరి పాత్రతో ఆడుతున్నాం, ఏ దారిన వెళ్లాం అన్నదాన్ని బట్టి వివరాలు మారినా, టైరంట్ గోళ్లకు బలైన వెస్కర్‌నే పరంపర తన చరిత్రగా స్వీకరించింది. బిర్కిన్ ఇచ్చిన వైరస్‌ను ముందే ఎక్కించుకుని చావు నుంచి లేచి వచ్చాడని తర్వాత చెప్పింది. దైవకాంక్షావాదులు ఈ పునరుత్థానం దగ్గరే ఆగిపోతారు. లేచాక ఏం చేశాడో చూడరు. 2000లో వచ్చిన కోడ్: వెరోనికాలో అతడు అంబ్రెల్లాకు పోటీ అయిన సంస్థ తరఫున రాక్‌ఫోర్ట్ ద్వీపం మీద దాడి చేయిస్తాడు, అంబ్రెల్లా పరిశోధకురాలు అలెక్సియా ఒంట్లోని వైరస్ కోసం అంటార్కిటికా దాకా వెళ్తాడు. రెసిడెంట్ ఈవిల్ 4లో ఎక్కడో కూర్చుని గూఢచారి ఏడా వాంగ్‌కు పని అప్పజెబుతాడు. స్పెయిన్‌లోని ఆ పల్లె నుంచి అతడికి కావలసింది ప్లాగా అనే పరాన్నజీవి నమూనా. 2007 నాటి అంబ్రెల్లా క్రానికల్స్‌లో రష్యాలోని కాకసస్ స్థావరం నుంచి అంబ్రెల్లా సమాచార నిధినే ఎత్తుకుపోతాడు. చావు నుంచి లేచినవాడు మూడుసార్లూ చేసింది నమూనా సేకరణ, సమాచార సేకరణ. 1996 నాటి ఉత్తర్వులోని పనులే ఇవి. సంతకం చేసిన పైవాడు మారాడంతే. అందుకే ప్రతిసారీ అతడి రాక నమ్మదగినదిగా ఉంటుంది. పగ చల్లారవచ్చు, ఆశయం తీరవచ్చు. చేతిలో పనికొచ్చే సమాచారం ఉన్న ఉద్యోగికి మాత్రం పని ఎప్పుడూ దొరుకుతుంది.

కోడ్: వెరోనికా నుంచి అతడికి వచ్చిన మానవాతీత వేగం, బలం, ఎర్రటి కళ్లు ఈ వాదానికి అడ్డం కావా అంటే, అవి అతడి పనిముట్లు, స్వభావం కావు. అసలైన అభ్యంతరం రెసిడెంట్ ఈవిల్ 5 నుంచి వస్తుంది. 2006లో ముసలి స్పెన్సర్ తన కోటలో వెస్కర్‌కు రహస్యం విప్పుతాడు. వెస్కర్ పేరుతో పెంచిన పిల్లల్లో అతడొకడు. వాళ్లను తీర్చిదిద్దిన ప్రణాళిక స్పెన్సర్‌దే. దేవుడు కావాలనుకున్నదీ స్పెన్సరే. వెస్కర్ అక్కడికక్కడే అతడిని చంపుతాడు. దైవకాంక్షావాదం దీన్ని మూల రహస్యం బయటపడిన ఘట్టంగా చదువుతుంది. కానీ దృశ్యాన్ని జాగ్రత్తగా చూస్తే ఆ కోరిక యజమానిది. యజమానిని చంపి, ఖాళీ అయిన అతడి కుర్చీలో కూర్చున్న ఉద్యోగికి వేరే ఆశయం లేక, యజమాని ఆశయాన్నే మోయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా పాత అలవాట్లే కనిపిస్తాయి. తొలి ఆట నాయిక జిల్ వాలెంటైన్ గుండెలకు మందు యంత్రం తగిలించి ఆజ్ఞ పాటించే మనిషిగా మారుస్తాడు. పని తీరాక తన సహచరురాలు ఎక్సెల్లా జియోనీకి యురోబొరోస్ ఎక్కించి వదిలేస్తాడు. అతడి పతనానికి కారణం కూడా దైవశాపం లాంటిది కాదు. శక్తి అదుపులో ఉండడానికి వేళకు కొలిచి ఎక్కించుకోవాల్సిన మందును ఆ ఆట కథానాయకులు క్రిస్, షీవాలు అధిక మోతాదులో ఎక్కిస్తారు. మనుషుల్ని కొలిచి బతికినవాడిని కొలత తప్పిన మందు కూల్చింది. పైన యజమాని లేని వెస్కర్ ఒక్క ఆట దాటి బతకలేదు. 2012 నాటి ఆరో ఆటకు అతడి కొడుకు జేక్ ముల్లర్‌ను వెతుక్కోవాల్సి వచ్చింది. 2023లో నాలుగో ఆటను కొత్తగా నిర్మించినప్పుడు పరంపర మళ్లీ రప్పించుకున్నది లావాలోని వెస్కర్‌ను కాదు, ఏడాకు పని అప్పజెప్పే వెస్కర్‌ను.

ఈ పాత్ర పుట్టిన చోటు, కాలం గుర్తుంచుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. ఒసాకా కంపెనీ క్యాప్‌కామ్‌లో షింజి మికామి దర్శకత్వంలో తయారైన తొలి ఆట 1996 మార్చి 22న బయోహజార్డ్ పేరుతో జపాన్‌లో విడుదలైంది. 1990ల మొదట్లో ఆర్థిక బుడగ పగిలాక, చేరిన కంపెనీలోనే పదవీ విరమణ దాకా ఉండవచ్చన్న నమ్మకం అక్కడ సడలుతూ వచ్చింది. నష్టాలను దాచిపెట్టి నడిపిన శతాబ్దపు వయసున్న యమైచి సెక్యూరిటీస్ 1997 నవంబరులో కూలిపోయింది. తనవాళ్లను ఖర్చు రాసే కంపెనీ, ఆ కంపెనీని ముందుగానే ఖర్చు రాసే అధికారి: వెస్కర్ ఈ రెండు భయాలకూ ఒకే మొహం. ఓం షిన్రిక్యో 1995లో టోక్యో మెట్రోలో సారిన్ వదిలిన ఘటనే ఈ ఆటలకు నేపథ్యమని అనేవారికి ఒకటే జవాబు: తొలి ఆటలోని వెస్కర్‌కు భక్తులు లేరు, కింద పనిచేసేవాళ్లు మాత్రమే ఉన్నారు. ఈ దృష్టితో చూస్తే, భయానక వీడియో ఆట అనే ప్రక్రియకే అసలైన ప్రతినాయకుడు రాక్షసుడు కాడని తేలుతుంది. రాక్షసుడిని చంపితే ఆట గెలుస్తాం. ఆ ఆటలోకి మనల్ని పంపి, మనం ఎలా ఆడామో రాసుకునేవాడు మాత్రం ఎప్పుడూ పైనే ఉంటాడు. ఇకపై ఈ ప్రక్రియ మీద రాసేవారు రాక్షసుల రూపురేఖల దగ్గర ఆగకుండా, ఆ రాక్షసుల మధ్యకు మనల్ని పంపిన ఉత్తర్వు ఎవరిదో, ఆ లెక్క ఎవరికి చేరుతోందో ముందుగా అడగాలి.