గడియారం పనివాళ్ల రీళ్లు: అండమాన్ తీరం నుంచి ఒక పరిశీలన

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అబర్డీన్ బజార్ పాత వ్యాపార కూడలి. గడియార స్తంభం చుట్టుపక్కల హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. దగ్గర్లోని జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల చేతి గేలానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చెక్కకు చుట్టిన నైలాన్ తాడు, సీసపు గుండు, గేలం చాలు. చేప బరువెంతో, ఎప్పుడు తాడు వదలాలో వేళ్లే చెబుతాయి. అదే నీళ్లలోకి సరదా వేటగాళ్లు ఖరీదైన రీళ్లతో, అంటే గేలపుకర్రకు బిగించి తాడు చుట్టే చక్రాలతో, దిగుతున్నారు. రీలు పుట్టుక వెతికితే తేలేదేమిటంటే, దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో పడవ మనుషులకంటే గడియారాలు, నేత మిల్లులు తెలిసినవాళ్లే ఎక్కువ.

చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో గీసిన బొమ్మలోనే గేలపుకర్రకు రీలు కనిపిస్తుంది. ఇంగ్లండ్ పుస్తకాల్లో దాని ప్రస్తావన 17వ శతాబ్దానికి గానీ రాలేదు. అసలు మలుపు 19వ శతాబ్దం తొలి దశకాల్లో, అమెరికాలోని కెంటకీలో వచ్చింది. అక్కడి గడియారాల పనివాడు జార్జ్ స్నైడర్ పళ్లచక్రాలు జోడించి, పిడి ఒక్కసారి తిప్పితే తాడు చుట్టే చక్రం చాలాసార్లు తిరిగేలా చేశాడు. ఆ దారిలోనే నడిచిన మీక్ సోదరులదీ గడియారాల వృత్తే.

1905లో ఇంగ్లండ్‌లో రీలుకు పేటెంటు పొందిన ఇల్లింగ్‌వర్త్ నేత వ్యాపారస్థుడు. ఆయన రీలులో చక్రం కదలదు. మిల్లులో కండె నుంచి నూలు జారినట్టే తాడు అంచు మీదుగా జారిపోతుంది. ఈనాటి స్పిన్నింగ్ రీళ్లకు మూలం అదే. స్వీడన్‌లోని అబు కంపెనీ టాక్సీ మీటర్లు చేస్తూ రీళ్లలోకి వచ్చింది. 1921లో మొదలైన జపాన్ షిమానోది సైకిల్ విడిభాగాల నేపథ్యం. చేపల వేట సామగ్రి 1970లో చేపట్టింది.

సేకరణదారులు ఎక్కువగా వెంటపడేది ఇంగ్లండ్‌లోని ఆల్నిక్ ఊరి హార్డీ సోదరుల రీళ్ల కోసం. 1872లో తుపాకుల పనితో మొదలైన సంస్థ అది. వాళ్ల ‘పర్‌ఫెక్ట్’ రీలు విప్పితే లోపల బాల్ బేరింగులు కనిపిస్తాయి. కొన్నింటిలో చట్రం లోపలి వైపు రెండు చిన్న అక్షరాలు అచ్చుగుద్ది ఉంటాయి. అవి దాన్ని అమర్చిన పనివాడి పొడి అక్షరాలు. పైన మెరిసే కంపెనీ పేరుకంటే ఈ అక్షరాలే విలువైన ఆధారమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఉప్పునీటి లెక్క వేరు. పెద్ద చేప ఒక్క ఊపున లాగితే తాడు తెగకుండా, చక్రం కొంచెం జారాలి. ఆ జారుడును నక్షత్రం ఆకారపు మరతో బిగించి, సడలించే ఏర్పాటు 20వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో అమెరికాలో స్థిరపడింది. 1932లో ఒట్టో హెంజ్ ఫిలడెల్ఫియాలో పెట్టిన పెన్ సంస్థ అలాంటి సముద్రపు రీళ్లను సామాన్యుడికీ అందించింది. అంతకుముందు అవి డబ్బున్నవాళ్ల ఆటవస్తువులే.

అండమాన్ గాలిలో రీళ్ల లోహాలు ఎక్కువకాలం తాళవు. ఇత్తడికి చిలుము పడుతుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది. అలా అని చింతపండు వేసి తోమారో, పాతదనం చూపే పూత పోయి, సేకరణదారు ఇచ్చే ధర కూడా దాంతోనే పోతుంది. మెత్తటి బట్టతో తుడిచి, పలచగా నూనె రాసి, పొడిచోట పెట్టడమే క్షేమం.

ఇంట్లో ఇలాంటి రీలు ఉన్నవాళ్లు పాత ఇనుప సామాన్లవాడికి వేసేయకుండా అది ఎవరిది, ఎక్కడ కొన్నది, ఏ చేపకు వాడినది ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచాలి. జంగ్లీఘాట్ చేతి గేలాలకూ అలాంటి కాగితం ఒకటి ఉండాలి.