ఉత్రాణ్ నుంచి అంక్లేశ్వర్ దాకా: సూరత్‌లో పుట్టిన రైల్వే

లింబాయత్‌లో ఉండే మా తెలుగువాళ్లకు సూరత్ అంటే సాంచెలు (మరమగ్గాలు), చీరలు, రంగుల కార్ఖానాలు. ఊరి చరిత్ర అడిగితే చదువుకున్నవాళ్లు మొగలుల కాలం నాటి ఓడరేవు, ఇంగ్లిషువాళ్ల కోఠీ, శివాజీ దాడి దాకా చెప్తారు. రైలు మాట ఎవరూ ఎత్తరు. రోజూ పట్టాల కింది గర్నాళా దారిన పోతూ, నెత్తిన రైళ్లు దడదడలాడుతుంటే వింటూ కూడా, ఈ లైను వేసిందెవరని మేం అడగలేదు. పశ్చిమ భారతంలోని ఒక పెద్ద రైల్వే తన మొదటి పనులు నడిపించుకుంది ఈ ఊరి నుంచే. దాని పేరు బాంబే బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే. జనం నోట్లో అది బీబీసీఐ. 1951లో విలీనమై ఆ పేరు పోయింది. పేరు పోయాక కూడా దాన్ని వదలని మనుషుల గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది.

కంపెనీ ఏర్పడింది 1855లో, లండన్‌లో. దాని వెనకున్న మనిషి కర్నల్ జాన్ పిట్ కెనెడీ అనే ఇంజినీరు. అప్పటికే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే (జీఐపీ) బొంబాయి నుంచి బయల్దేరి పడమటి కనుమలెక్కే ఏర్పాట్లలో ఉంది. కెనెడీకి కొండలెక్కడం దండగ ఖర్చనిపించింది. సముద్రపు ఒడ్డునే గుజరాత్‌కు పోయి, నదుల లోయలు పట్టుకుని దేశం లోపలికి దూరాలన్నది ఆయన వాదన. తాపీ లోయ ఆ ఆలోచనలో ముఖ్యమైనది. కంపెనీ పేరులో సెంట్రల్ ఇండియా ఉన్నది అందుకే. అదే ఏడాది నవంబరులో ఈస్టిండియా కంపెనీతో సూరత్, బరోడా, అహ్మదాబాద్ లైనుకు ఒప్పందం కుదిరింది. వాటాదార్లకు నూటికి 5 చొప్పున లాభం గ్యారంటీ ఇచ్చారు. లైను మీద ఆదాయం చాలకపోతే ఆ లోటు పూడ్చేది మన రైతులు కట్టిన శిస్తుతోనే. గుజరాత్ పత్తి మాంచెస్టర్ మిల్లులకు చేరాలన్న తొందర ఈ మొత్తం వ్యవహారానికి మూలం. ఇది మరిచిపోయి ఆ కంపెనీని పొగడడం నాకు చేతకాదు.

తొలి రైలు 1860 ఫిబ్రవరి 10న నడిచింది. ఉత్రాణ్ నుంచి అంక్లేశ్వర్ దాకా, 29 మైళ్లు. ఉత్రాణ్ తాపీకి ఉత్తరపు ఒడ్డున ఉంది. నది దాటడానికి ముందే అవతలి ఒడ్డు నుంచి బండి మొదలెట్టేశారన్నమాట. అటు చివర అంక్లేశ్వర్ దాటితే నర్మద. రెండు నదుల మధ్య చిక్కిన ముక్క అది. తాపీ మీద వంతెన లేచాక లైను సూరత్‌కు వచ్చింది. 1863 జనవరిలో అహ్మదాబాద్ చేరింది. 1864 నవంబరులో గానీ బొంబాయి గ్రాంట్ రోడ్డుకు అందలేదు. అంటే పేరులో ముందున్న బొంబాయికి రైలు చేరింది బరోడా కన్నా తర్వాత. 2023 మార్చిలో ఉత్రాణ్ కరెంటు కేంద్రంలోని కూలింగ్ టవర్‌ను పేల్చి పడగొట్టినప్పుడు సగం సూరత్ మేడలెక్కి చూసింది. అదే ఉత్రాణ్‌లో రైలు చరిత్ర ఉందన్న మాట ఆ రోజు నా చెవిన పడలేదు.

నర్మద ఈ కంపెనీని ఏడిపించింది. పోత ఇనుప స్తంభాల మీద కట్టిన మొదటి వంతెనను వరదలు మళ్లీ మళ్లీ దెబ్బతీశాయి. 1881లో భరూచ్ దగ్గర కొత్త వంతెన తెరిచాకే ఊపిరి పీల్చుకున్నారు. గోల్డెన్ బ్రిడ్జి అని ఇప్పటికీ పిలిచేది దాన్నే. 1935లో పక్కన మరో రైలు వంతెన వచ్చాక పాతదాని మీద రోడ్డు బండ్లు తిరిగాయి.

ఇక తాప్తీ లైను. మావాళ్లందరి బతుకూ ఈ లైను మీదుగానే వచ్చింది కనుక దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి. కెనెడీ అనుకున్న తాపీ లోయ దారి ఆయన కాలంలో కుదరలేదు. 1900 నాటికి తాప్తీ వ్యాలీ రైల్వే అనే వేరే కంపెనీ సూరత్ నుంచి అమల్నేర్ దాకా లైను పూర్తి చేసింది. బొంబాయిలోని కిలిక్ నిక్సన్ వాళ్లు దాని మేనేజింగ్ ఏజెంట్లు, బండ్లు నడిపింది బీబీసీఐ. అమల్నేర్ దగ్గర అది జల్‌గావ్ నుంచి వచ్చే జీఐపీ లైనును అందుకునేది. తర్వాత్తర్వాత ఈ తాప్తీ కంపెనీ కూడా బీబీసీఐలో కలిసిపోయింది. పేరు మాత్రం పోలేదు. ఉధ్నా, నందుర్బార్, దోండాయిచా పక్క జనం ఈ రోజుకీ తాప్తీ లైన్ అనే అంటారు. 306 కిలోమీటర్ల ఉధ్నా–జల్‌గావ్ మార్గాన్ని జంట లైన్లు చేసి, కరెంటు పెట్టి, 2019 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. అంతకుముందు ఒంటి లైను మీద ఎదురు బండి కోసం నందుర్బార్ ఇవతలి చిన్న స్టేషన్లలో పడిగాపులు పడ్డ జ్ఞాపకం మా తరంలో అందరికీ ఉంది.

మా బాపు సిరిసిల్ల నుంచి సాంచెల పనికి వచ్చాడు. వరంగల్‌లోనో మంచిర్యాలలోనో ఎక్కితే బల్లార్షా దాకా ఒకప్పటి నిజాం స్టేట్ రైల్వే. బల్లార్షా నుంచి వార్ధా, అకోలా, భుసావల్ మీదుగా జీఐపీ. అమల్నేర్ నుంచి సూరత్ దాకా తాప్తీ వ్యాలీ. ఇప్పుడు నవజీవన్‌లో ఒకే సీట్లో కూర్చుని వచ్చే దారి ఇన్ని కంపెనీల సొత్తు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 42 రైల్వేలుండేవి. వాటిని కొన్ని జోన్లుగా కలిపే పని గోపాలస్వామి అయ్యంగార్ రైల్వే మంత్రిగా ఉండగా జరిగింది. 1951 నవంబర్ 5న జీఐపీ, నిజాం రైల్వేలు మరి రెంటితో కలిసి సెంట్రల్ రైల్వే అయ్యాయి. అదే రోజు బీబీసీఐ, సౌరాష్ట్ర, రాజపుతానా, జైపూర్ రైల్వేలు కలిసి వెస్టర్న్ రైల్వే అయ్యాయి. వరంగల్ నుంచి సూరత్ దాకా మా దారి పొడుగునా ఉన్న పాత పేర్లన్నీ ఒక్క రోజులో మారిపోయాయి. ఈ సంగతి నాకు తెలిసిన రోజు నుంచి నవంబర్ 5 మామూలు తేదీగా అనిపించదు.

మా వీధిలో ఒక గుజరాతీ పెద్దాయన ఉన్నాడు. గార్డుగా చేసి రిటైరయ్యాడు, మేమంతా కాకా అంటాం. వాళ్ల నాన్న బీబీసీఐలో పాయింట్స్‌మన్. ఆయనదే ఒక ఇత్తడి తాళం కాకా ఇంట్లో ఉంది. అరచెయ్యంత ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే బరువుకు మణికట్టు కిందికి వాలుతుంది. తాళంచెవి దూర్చే రంధ్రం మీద ఒక చిన్న మూత, పక్కకు జరిపితే కిర్రుమంటుంది. ముందువైపు కంపెనీ పొడి అక్షరాలు గుద్ది ఉన్నాయి, చివరి అక్షరం సగం అరిగిపోయింది. కాకా దాన్ని చింతపండుతో తోముతాడు. ఇనప్పెట్టెకు ఇప్పటికీ అదే తాళం. “మా నాన్న పెన్షన్ వెస్టర్న్‌లో తీసుకున్నాడు. కానీ ఎవరైనా అడిగితే, నౌకరీ చేసింది బీబీసీఐలో అనేవాడు” అని చెప్పాడు నాతో.

ఏం చూసి అంత అభిమానం? ఆ కంపెనీలో పెద్ద కొలువులు దొరలకు, ఆంగ్లో ఇండియన్లకు పోయేవి. పాయింట్స్‌మన్ కొడుకు స్టేషన్ మాస్టర్ కావడం గగనం. అది తెలియక కాదు. కాకా మాటల్లోంచి నాకు అర్థమైందేమిటంటే, ఆ అభిమానం లండన్ డైరెక్టర్ల మీద కాదు, చేసిన పని మీద. 1928లో బొంబాయి నుంచి పెషావర్‌కు ఫ్రాంటియర్ మెయిల్ మొదలైంది. జీఐపీ వాళ్ల పంజాబ్ మెయిల్‌కు పోటీ అది. ఆ బండి తన స్టేషన్‌లో ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా దాటాలన్న పట్టుదల కింది ఉద్యోగి నుంచి పైదాకా ఉండేదట. పాయింటు సరిగ్గా పడిందా, దీపంలో నూనె ఉందా అన్నది వాళ్లకు పరువు సమస్య. 1996లో ఆ బండికి గోల్డెన్ టెంపుల్ మెయిల్ అని పేరు పెట్టారు. మా కాకా ఫ్రాంటియర్ అనే అంటాడు. అలవాటు కొద్దీ నోటికొచ్చి కాదు, కావాలనే అంటాడు.

ఇలా పేరు పోయిన రైల్వే మన తెలంగాణలోనూ ఉంది. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది, ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. సెంట్రల్‌లో కలిశాక సికింద్రాబాద్ బొంబాయి చేతి కిందికి పోయింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి కేంద్రం సికింద్రాబాద్‌కు వచ్చేదాకా పదిహేనేళ్లు అలాగే గడిచాయి. సూరత్‌కు అలాంటి తిరుగు రాలేదు. మొదటి పనులు ఇక్కణ్నుంచే నడిచినా, కేంద్రం బొంబాయి చర్చ్‌గేట్‌లోనే ఉండిపోయింది. 1899లో స్టీవెన్స్ అనే వాస్తుశిల్పి డిజైన్‌తో పూర్తయిన బీబీసీఐ భవనంలో ఇప్పుడు కూర్చున్నది వెస్టర్న్ రైల్వేనే.

అభిమానం ఊరికే తలచుకోవడంతో ఆగదనడానికి సూరత్‌కు దక్షిణాన బిలిమోరా ఉంది. అక్కణ్నుంచి డాంగ్ అడవుల అంచున ఉన్న వఘాయి దాకా 63 కిలోమీటర్ల చిన్న లైను. వేసింది బరోడా గాయక్వాడ్‌లు. అడవి కలప దింపుకోవడానికి వేసిన ఆ లైను మీద తర్వాత ఆదివాసీలు బజారుకు, ఆస్పత్రికి, కూలికి తిరిగారు. 1949లో గాయక్వాడ్ రైల్వే బీబీసీఐలో కలిసింది, రెండేళ్లకు బీబీసీఐయే మాయమైంది. రెండు విలీనాలు చూసినా జనం దాన్ని తమదే అనుకున్నారు. కరోనాలో బండి ఆగింది. 2020 డిసెంబర్‌లో గిట్టుబాటు కావడం లేదంటూ మూసేసే లైన్ల జాబితాలో దీన్నీ చేర్చారు. నవసారి, డాంగ్ జనం ఊరుకోలేదు, అర్జీలు పెట్టారు, వాళ్ల ప్రతినిధుల్ని నిలదీశారు. 2021 సెప్టెంబర్‌లో బండి మళ్లీ కదిలింది. లాభనష్టాల లెక్క చూసేవాళ్లకు ఆ నిర్ణయం నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఆ జనం చేసింది న్యాయమనిపిస్తుంది. బస్సు కిరాయికీ ఈ బండి టికెట్‌కూ ఉన్న తేడా కూలి చేసుకునేవాడికి చిన్నది కాదు.

సూరత్‌లో ఇంకో బండి ఉంది, ఫ్లయింగ్ రాణి. బీబీసీఐ కాలంలో పుట్టి, యుద్ధం వచ్చి ఆగి, మళ్లీ మొదలై, 1979 నుంచి రెండంతస్తుల పెట్టెలతో తిరిగింది. పొద్దున్నే బొంబాయి పోయి సాయంత్రం తిరిగొచ్చే పాస్‌హోల్డర్ల రెండో ఇల్లు అది. 2023 జూలైలో ఆ రెండంతస్తుల పెట్టెలు తీసేసి కొత్తవి తగిలించారు. కొత్త పెట్టెల్లో కుదుపు తక్కువ, భద్రత ఎక్కువ, కాదనను. పై అంతస్తు కిటికీ పక్క చోటు కోసం వల్సాడ్‌లో, నవసారిలో ఏళ్లుగా కలిసి నిలబడ్డవాళ్లు ఆ పోయిన పెట్టెల గురించి ఇంకా మాట్లాడుకుంటారు.

సూరత్ స్టేషన్‌ను ఇప్పుడు పెద్దయెత్తున మళ్లీ కడుతున్నారు. అందులో ఒక గోడ కావాలని నా కోరిక. దాని మీద 1860 ఫిబ్రవరి 10, ఉత్రాణ్, అంక్లేశ్వర్ అన్న మాటలుండాలి. బీబీసీఐతో పాటు తాప్తీ వ్యాలీ, గాయక్వాడ్ రైల్వే పేర్లుండాలి. గుజరాతీతో పాటు మరాఠీ, ఒడియా, తెలుగు అక్షరాల్లోనూ రాయాలి, ఆ లైన్ల మీద వచ్చి ఈ ఊరిని పెంచింది ఆ భాషలవాళ్లు కూడా. గోడ లేచేలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మహానగరపాలిక నడిపే తెలుగు బడుల పిల్లల్ని ఏటా ఫిబ్రవరి 10న ప్యాసింజర్ బండెక్కించవచ్చు. సూరత్ తర్వాతి స్టేషనే ఉత్రాణ్. మధ్యలో తాపీ వంతెన వస్తుంది. ఉపాధ్యాయులు ఒప్పుకుంటే కాకాను వెంట తీసుకురావడం నా పూచీ, తాళంతో సహా.