చెకుముకి పిస్తోలూ దాని హంగులూ

1780వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీ ఉదయమున, కలకత్తా చెంతనున్న ఆలీపూరులో ఇద్దరు పెద్దమనుష్యులు పదునాలుగు అంగల ఎడముగా నిలిచి ఒకరిపై నొకరు పిస్తోళ్ళు ఎత్తిరి. ఒకరు గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సు. రెండవవాడు ఆయన ఆలోచనసభలో సభ్యుడై, ఆరేండ్లుగా ఆయనను అడుగడుగున ఎదిరించుచుండిన ఫిలిప్ ఫ్రాన్సిస్. ఫ్రాన్సిస్ మీట నొక్కెను, పిస్తోలు పేలలేదు. మందు చెమ్మగిల్లి యుండెను. అంతట హేస్టింగ్సు తన పిస్తోలును దించి, ఎదుటివాడు సరిచేసికొనువరకు ఆగెను. అటు చూడగా ఫ్రాన్సిస్ పక్షమున వేరు మందే లేదు. హేస్టింగ్సుకు సాక్షిగా వచ్చిన కర్నల్ పియర్సు తనవద్ద నున్న తూటా నుండి కొంత మందు ఇయ్యవలసి వచ్చెను. పిదప ఇద్దరును కాల్చిరి. గుండు తగిలి పడినవాడు ఫ్రాన్సిస్. అతడు కోలుకొని ఆ యేటి చివరనే ఇంగ్లండుకు పయనమయ్యెను. అచ్చట హేస్టింగ్సును విచారణకు ఈడ్చిన వారిలో ముఖ్యుడయ్యెను. కలకత్తా వానకాలపు చెమ్మ ఆ ఉదయమున ఎవరిని కాపాడినదో, ఎవరిని పడగొట్టినదో తేల్చుట సులభము కాదు.

ఆ కాలమున పిస్తోలు కొనబోవువానికి లండను తుపాకి పనివారు చూపించు హంగులకు లెక్క లేదు. ఏది డబ్బుకు తగిన హంగు, ఏది వట్టి సొంపు అని అడిగినచో, ఆలీపూరు సంగతి తెలిసిన మనము మొదట మందును గూర్చియే అడుగవలసి యుండును.

చెకుముకి పిస్తోలు పేలు విధము చూడుడు. గొట్టము ప్రక్కన ఇనుముతో చేసిన చిన్న దొన్నె యుండును. అందులో చిటికెడు మెత్తని మందు పోయుదురు. దానిపై ఉక్కు మూత. మీట నొక్కగానే, దవడల నడుమ చెకుముకి రాయి పట్టుకొనియున్న కొక్కెము ఎగిరి ఆ ఉక్కును గీరును, మూత తెరచుకొనును, నిప్పురవ్వలు దొన్నెలో పడును, ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందును చేరును. ఇన్ని పనులు ఒకదానివెంట నొకటి తప్పక జరిగినగాని గుండు కదలదు. రాయి అరిగినను, రంధ్రము పూడినను, దొన్నెలోనికి మంచు దిగినను అంతయు వ్యర్థము.

లండనులో వోగ్డన్, నాక్, మాంటన్ మొదలగువారు ఈ లోపములను ఒక్కొక్కటిగా పట్టుకొనిరి. మూతను నడుపు స్ప్రింగు ఒరిపిడి తగ్గుటకు చిన్న చక్రము అమర్చిరి. వేడి ఆవిరులకు ఇనుప రంధ్రము తినిపోవును గనుక దానికి బంగారుతోను, తరువాత ప్లాటినముతోను లోపూత వేసిరి. చూచువారికి ఇది ధనికుని డాబువలె తోచును. నిజమునకు అది పనికివచ్చు బంగారము. వాన నీరు జారిపోవునట్లు దొన్నె అంచులను మలచిరి. గొట్టము తళతళలు కన్నులకు మిరుమిట్లు గొలుపకుండ గోధుమవన్నె పట్టించిరి. హెన్రీ నాక్ 1787లో గొట్టపు అడుగుభాగమున చిన్న అర యేర్పరచి, మందంతయు ఒక్కసారిగా అంటుకొను ఉపాయమునకు పేటెంటు పొందెను.

ఇక పెట్టె. జంట పిస్తోళ్ళను మహాగని పెట్టెలో, ఆకుపచ్చ బనాతు పరచిన గదులలో అమర్చి అమ్మెడివారు. పెట్టెలో మందుబుర్ర, గుండ్లు పోయు అచ్చు, మరచీలలు విప్పు సాధనము, గొట్టము తుడుచు కడ్డీ, విడి రాళ్ళు, నూనెసీసా ఉండును. వీనిలో తప్పనిసరి వస్తువు అచ్చు. ఆనాడు గొట్టములన్నియు ఒక్క కొలతవి కావు. ఏ జంట గొట్టమునకు ఆ జంట అచ్చే కావలెను. అది పోయినచో ఎంత ఖరీదు పిస్తోలైనను కొయ్యముక్కతో సమానము. మందుబుర్ర మూతిలోనే కొలత యుండుటచే ప్రతి పర్యాయము ఒకే మోతాదు పడును. పిడిపై వెండి బిళ్ళలు, చెక్కిన లతలు గూర్చి చెప్పుటకు మాకేమియు లేదు. అవి బహుమానమిచ్చువారికి సంబంధించినవి.

అన్నిటిలోను చర్చకు లోనైన హంగు మరియొకటి కలదు. ఇంగ్లీషువారు దానిని హెయిర్ ట్రిగ్గరు అందురు. వెండ్రుక తగిలినను కదలు మీట యని భావము. సామాన్యపు మీటను గట్టిగా లాగవలెను. ఆ లాగుడులో చేయి వణకి గురి తప్పును. లోపల నొక చిన్న స్ప్రింగు అమర్చి ముందుగా బిగించి పెట్టినచో, వ్రేలి మొన తాకుడు చాలును. గురి మెరుగగుట నిజమే. కాని చేయి పూర్తిగా ఎత్తకమునుపే పేలు ప్రమాదమును ఆ స్ప్రింగే తెచ్చిపెట్టినది.

లండనులో వోగ్డన్, బార్టన్ అనువారి పేరుతో తయారైన ఒక జంట అట్లాంటిక్ దాటి అమెరికా చేరి, అలెగ్జాండర్ హామిల్టన్ తోడియల్లుడైన జాన్ చర్చి ఇంట నుండెను. హామిల్టన్ అమెరికా ప్రభుత్వమునకు మొదటి ఆర్థికమంత్రి. ఆయన పెద్దకుమారుడు ఫిలిప్ 1801లో ద్వంద్వయుద్ధమున మరణించినపుడు ఈ పిస్తోళ్ళే వాడిరని చెప్పుదురు. 1804 జూలై 11వ తేదీన ఆ తండ్రియు అదే జంటలో నొకటి చేతబట్టి, ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ ఎదుట వీహాకెన్ వద్ద నిలిచెను. స్ప్రింగు బిగించుదునా యని సాక్షి పెండిల్టన్ అడుగగా, ఈసారికి వద్దని హామిల్టన్ చెప్పెను. ఆయన గుండు చాల ఎత్తున చెట్టుకొమ్మను తాకినది. బర్ గుండు ఆయనను కూల్చినది. మరునాడు ప్రాణము పోయినది.

ఆ పిస్తోళ్ళను 1976లో విప్పి పరిశీలించినపుడు వానిలో దాగియున్న స్ప్రింగు వెల్లడియైనది. హామిల్టన్ రహస్యముగ లాభము పొందజూచెనని కొందరు, బిగింపని స్ప్రింగు ఎవరికి లాభమని మరికొందరు వాదించిరి. రెండు పిస్తోళ్ళలోను అదే అమరిక యున్నది గనుక మొదటి వాదము మాకు బలహీనముగ కనిపించుచున్నది. ఏమైనను, ఎంతో నేర్పుతో చేసిన ఆ హంగు ఆ ఉదయమున యజమానికి అక్కరకు రాలేదు.

అసలైన మార్పు యుద్ధవీరులనుండి గాని, ద్వంద్వయోధులనుండి గాని రాలేదు. స్కాట్లండులో బెల్‌హెల్వీ అను పల్లెలో అలెగ్జాండర్ ఫార్సైత్ అను మతాచార్యుడు ఉండెను. పక్షుల వేట ఆయనకు వేడుక. దొన్నెలో మంట మెరయగానే నీటిబాతులు మునిగిపోవుచుండెను. గుండు చేరునప్పటికి అచ్చట నీరు మాత్రమే. దీనిని సహింపలేక ఆయన రసాయనములు నూరి, దెబ్బ తగిలినంతనే పేలు పొడితో పనిచేయు యంత్రమును కల్పించెను. రాయి లేదు, తెరచిన దొన్నె లేదు. 1806లో లండను కోటలో ఆయుధశాఖ అధిపతి మోయిరా ప్రభువు ఆయనకు పని కల్పించెను. (ఈ మోయిరాయే 1813లో మనదేశమునకు గవర్నరు జనరలై వచ్చి, తరువాత హేస్టింగ్సు ప్రభువైనాడు, ఇతడు వేరు, వారన్ హేస్టింగ్సు వేరు.) మోయిరా స్థానమునకు చాథమ్ ప్రభువు రాగానే ఫార్సైత్‌ను పంపివేసిరి. ఆయన 1807లో పేటెంటు పొంది, ఇతరులతో కలిసి లండనులో తన యంత్రములను అమ్మించెను. పేటెంటు గడువు తీరిన తరువాత, 1820ల నాటికి అదే సూత్రముపై చిన్న రాగిటోపీ వాడుకలోనికి వచ్చినది. లోపల పేలుడు పొడి, పైన సుత్తి దెబ్బ, అంతే. మనదేశమున వానిని టోపీలనియే వ్యవహరించిరి.

1834లో వుల్విచ్‌లో ప్రభుత్వము పరీక్ష జరిపినది. చెకుముకి తుపాకులతో 6,000 పర్యాయములు, టోపీ తుపాకులతో 6,000 పర్యాయములు అన్ని వాతావరణములలోను కాల్చిరి. చెకుముకివి 922 మారులు పేలలేదు. టోపీవి 36 మారులు మాత్రమే. ఇవి పొడవు తుపాకుల లెక్కలు; కాని పిస్తోలునందును నిప్పు పుట్టించు యంత్రము అదియే. అప్పటికి ఫార్సైత్ కోట విడిచి ఇరువదియేడేండ్లు. సైన్యమంతటికి మార్పు అందుటకు ఇంకను కొన్నేండ్లు పట్టెను.

ఆ ఆలస్యపు వెల మద్రాసు సిపాయిలు చెల్లించిరి. 1841 మే 30వ తేదీన చైనాలో కాంటన్ నగరము వెలుపల 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీకి చెందిన ఒక కంపెనీ కుండపోత వానలో దారితప్పి తక్కిన దండునుండి విడిపోయినది. మద్రాసు పటాలములలో తెలుగు జిల్లాలనుండి చేరినవారును ఉండుట తెలిసిన విషయమే. వేలకొలది గ్రామస్థులు ఈటెలతో చుట్టుముట్టగా, సిపాయిల చేతులలోని చెకుముకి తుపాకులు తడిసి ఒక్కటియు పేలకపోయెను. చతురస్రముగా నిలిచి, సంగీనులతో కాచుకొనిరి. ఒకడు మరణించెను, పలువురు గాయపడిరి. చీకటి పడిన తరువాత వెదకుచు వచ్చిన మెరీను దళములవారి చేతులలో నున్నవి టోపీ తుపాకులు. ఆ వానలోనే అవి పేలినవి. గుంపు చెదరినది, కంపెనీ బయటపడినది.

అటుపిమ్మట పాత పిస్తోలు పారవేయనొల్లనివారు పనివానియొద్దకు కొనిపోయిరి. దొన్నెయు, ఉక్కు మూతయు తీసివేసి, రంధ్రమున్నచోట టోపీ తొడుగు చిన్న ముక్కును మరబిగించి, కొక్కెమునకు బదులు సుత్తి పెట్టిన చాలును. నేటి సంగ్రహకర్తలు ఇట్లు మార్చినవానికి తక్కువ వెల కట్టుదురు. మార్పించినవాడు వానలో నడువవలసిన మనిషి యని వారు తలపరు కాబోలు. ప్రదర్శనశాలలలో ఇట్టి పిస్తోళ్ళు పెక్కు కలవు. దగ్గరగా చూచినచో, దొన్నె ఊడదీసిన చోట పూడ్చివేసిన మరచీలల గుర్తులు కనిపించును. వానిప్రక్కనే మొదట చేసినవాని పేరు చెరగక యుండును.